నల్లరాయి పుట్టినిల్లు ఏది?



మీ తాతగారు చిన్నతనంలో బడికి పలక పట్టుకొని వెళ్ళేవారు గదా! ఆ పలక ఏమిటో తెలుసునా? అది ఒక రాయి. మార్కాపురం పరిసరాలలో భూమిలోంచి రేకులు రేకులుగా చీల్చి తీసే రాయి. ఇప్పుడు రాయి అంటున్నాం గాని, ఒకప్పుడు అది నీళ్ళ అడుగున పేరుకొన్న మెత్తని బురద. దాని మీద మరింత బురద చేరింది. ఆ బరువుకు అది గట్టిపడింది. ఆ తరవాత భూమి లోపలి వేడికీ, ఒత్తిడికీ లోనై పలకరాయిగా మారింది. తాజమహలుకు వాడిన మక్రానా పాలరాయి కూడా ఇటువంటిదే. అది ఒకప్పుడు సున్నపురాయి.

ఇలా ఒక రూపంలో పుట్టి, కరిగిపోకుండానే, వేడివల్లా ఒత్తిడివల్లా మరొక రూపం పొందిన రాళ్ళను రూపాంతర శిలలు అంటారు. మీ పాఠ్యపుస్తకంలో మూడు జాతుల శిలలను గురించి చదివే ఉంటారు. కరిగిన శిలాద్రవం చల్లారితే ఏర్పడేవి అగ్నిశిలలు. ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకొంటే ఏర్పడేవి అవక్షేప శిలలు. ఈ రెండింటిలో దేనినైనా సరే, భూమి తన కడుపులో మళ్ళీ వేడిచేసి నొక్కితే వచ్చేవి రూపాంతర శిలలు.

పలకను చూసి బురదలో పుట్టిందనీ, పాలరాతిని చూసి సున్నంలో పుట్టిందనీ సులభంగానే చెప్పవచ్చు. కాని కొన్ని రాళ్ళు తమ పుట్టినిల్లు అంత సులభంగా చెప్పవు. అటువంటి ఒక నల్లరాయి సంగతి ఈ నెల చెప్పుకొందాం.

కోలారు నల్లరాయి

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పేరు మీరు వినే ఉంటారు. 1880 ప్రాంతాన అక్కడ యంత్రాల సహాయంతో పెద్ద ఎత్తున తవ్వకం మొదలయింది. ఛాంపియన్ రీఫ్ అనే గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. నూట ఇరవై ఏళ్ళలో ఆ గనులనుంచి సుమారు 800 టన్నుల బంగారం వచ్చింది. 2001లో గనులు మూతపడ్డాయి.

అక్కడ బంగారం ఎక్కువగా తెల్లని స్ఫటికరాతి చారలలో దొరికేది. ఆ చారలను చుట్టుకొని ఉన్న రాయి మాత్రం నల్లనిది. ఆ రాతి పట్టీ కొద్ది కిలోమీటర్ల వెడల్పున, సుమారు 80 కిలోమీటర్ల పొడవున, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. దాని దక్షిణ భాగం చిత్తూరు జిల్లాలోని కుప్పం ప్రాంతంలోకి వస్తుంది. అక్కడ చిగురుగుంట, బిసానత్తం అనేచోట్ల కూడా బంగారు గనులు నడిచాయి.

ఆ నల్లరాతిని యాంఫిబొలైట్ అంటారు. చేతికి తీసుకొంటే బరువుగా ఉంటుంది. ఎండలో అటూ ఇటూ తిప్పి చూస్తే నల్లని సన్నని పుల్లలు తళతళ మెరుస్తాయి. ఆ పుల్లలు హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం. వాటి నడుమ నలుసులుగా కనిపించే తెల్లనిది ఫెల్‌స్పార్.

ఇంతకూ ఈ రాయి రూపం మారకముందు ఏమై ఉంటుంది? ఇక్కడే చిక్కు వచ్చింది.

ఒకే చీర కట్టిన ఇద్దరు కోడళ్ళు

యాంఫిబొలైట్ రెండు విధాలుగా పుట్టవచ్చు.

అగ్నిపర్వతం నుంచి లావా పొంగి చల్లారితే బసాల్ట్ అనే నల్లరాయి అవుతుంది. ఆ బసాల్ట్ భూమిలో లోతుకు దిగి, 500 నుంచి 700 డిగ్రీల వేడిలో, వేల వాతావరణాల ఒత్తిడిలో, కొంచెం నీటి సహాయంతో చాలాకాలం మగ్గితే దానిలోని పాత ఖనిజాలు పోయి హార్న్‌బ్లెండ్ పుడుతుంది. అదీ యాంఫిబొలైటే.

ఇక రెండవ విధం. ఎక్కడా నిప్పూ లేదు, లావా లేదు. నిలకడైన సముద్రంలో బంకమట్టీ, డోలమైట్ అనే ఒక రకం సున్నపురాయి బురదా కలిసి పేరుకొన్నాయనుకోండి. మట్టిలో సిలికా, అల్యూమినియం, ఇనుము ఉంటాయి. డోలమైట్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. హార్న్‌బ్లెండ్ తయారుకావటానికి కావలసిన దినుసులన్నీ సమకూరినట్టే గదా! ఈ బురదరాతిని కూడా భూమి అదే వేడిలో, అదే ఒత్తిడిలో మగ్గబెడితే మళ్ళీ యాంఫిబొలైటే వస్తుంది.

వేరువేరు ఊళ్ళనుంచి ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరు కోడళ్ళు ఒకే రకం చీర కట్టుకొని నిలబడితే, వెనకనుంచి చూసి ఎవరి పుట్టినిల్లు ఏదో చెప్పగలమా? ఈ రాళ్ళ సంగతీ అంతే.

ఒక్కొక్కప్పుడు అదృష్టవశాత్తు పాత గుర్తులు మిగిలి ఉంటాయి. లావా నీటిలోకి పారినప్పుడు దాని పైభాగం వెంటనే గడ్డకట్టి, తలగడలు పేర్చినట్టుగా ఉబ్బెత్తు గుండ్లు ఏర్పడతాయి. వీటిని తలగడ లావా అంటారు. కోలారు గనుల ప్రాంతంలో పెద్దపల్లి వద్ద అగ్నిపర్వతం చిమ్మిన రాతిముక్కలనూ, తలగడ లావాలనూ గుర్తించి, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. కాని ఇటువంటి గుర్తులు అన్నిచోట్లా ఉండవు. కోట్ల ఏళ్ళ ఒత్తిడికి తలగడ అణగి రొట్టె అవుతుంది, రొట్టె సాగి పట్టీ అవుతుంది. అప్పుడు కంటితో చూసి చెప్పటం పెద్ద పండితుడికైనా సాధ్యం కాదు.

“ఎక్కడ పుడితే మనకేం? ఇప్పుడు రాయే గదా!” అని మీలో ఎవరైనా అనవచ్చు. అలా అనుకోరాదు. ఆ రాయి లావా అయితే, ఆ కాలంలో ఆ చోట భూమి బద్దలై నిప్పు పొంగింది. ఆ రాయి బురద అయితే, అదే చోట ప్రశాంతమైన సముద్రం ఉండేది. ఆ రోజుల్లో చూసి రాసిపెట్టినవారు ఎవరూ లేరు. ఈ రాళ్ళే మనకున్న కాగితాలు. వాటిని తప్పుగా చదివితే భూమి చరిత్రంతా తప్పుగా రాసినట్టే. గనులు వెతికేవారు కూడా ముందుగా ఈ ప్రశ్నకే జవాబు కోరుతారు. ఏ లోహం ఏ జాతి రాతిలో దొరుకుతుందో తెలిస్తేనే గదా, ఎక్కడ తవ్వాలో తెలిసేది!

పోయేవీ, ఉండేవీ

రూపం చూసి చెప్పలేనప్పుడు రసాయనశాస్త్రం సహాయానికి వస్తుంది. రాతిలో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో తూచి చూడాలన్నమాట. ఐతే ఇందులోనూ ఒక ఇబ్బంది ఉన్నది. రాయి భూమిలో మగ్గే కాలంలో వేడినీళ్ళు దాని సందులలోంచి ప్రవహిస్తాయి. ఆ నీళ్ళు కొన్ని మూలకాలను కరిగించుకొని తీసుకుపోతాయి, మరికొన్నింటిని తెచ్చిపెడతాయి. సోడియం, పొటాషియం, రుబీడియం, బేరియం వంటివి ఇలా తిరిగే స్వభావం కలవి. కాల్షియం కూడా చాలాసార్లు కదులుతుంది. కాబట్టి వీటి సాక్ష్యం నమ్మటానికి వీలులేదు.

టైటానియం, జిర్కోనియం, క్రోమియం, నికెల్, ఇట్రియం వంటివి అలా కావు. ఇవి నీటిలో సులభంగా కరగవు. రాతి రూపం ఎంత మారినా చాలామట్టుకు ఉన్నచోటనే ఉంటాయి. ఇవే మనకు కావలసిన సాక్షులు.

ఈ సంగతి మీకు బాగా అర్థం కావాలంటే ఇంటిలోనే చిన్న ప్రయోగం చేయండి. ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా కందులు, రెండు చెంచాల పెసలు తీసుకొని కలపండి. మొత్తం నాలుగు చెంచాలు. అందులో కందులు నాలుగోవంతు. దీనిని పలుచని గుడ్డలో మూటకట్టి, మూట మీద చెంబుడు నీళ్ళు పోయండి. విప్పి చూడండి. ఉప్పు కరిగిపోయింది. కందులూ పెసలూ మిగిలాయి. గింజలు నానకముందే వేరుచేసి మళ్ళీ కొలవండి. మొత్తం మూడు చెంచాలే ఉన్నది. అందులో కందులు ఇప్పుడు మూడోవంతు!

చూశారా? కందులు ఒక్క గింజ కూడా పెరగలేదు. అయినా వాటి వంతు పెరిగినట్టు కనిపించింది. ఒక్క కందులనే చూసినవాడు మోసపోతాడు. కాని కందులకూ పెసలకూ ఉన్న నిష్పత్తి మారిందా? ముందూ ఒకటికి రెండే, ఇప్పుడూ ఒకటికి రెండే. అందుచేత శాస్త్రజ్ఞులు టైటానియం ఎంత, జిర్కోనియం ఎంత అని విడివిడిగా చూసి ఊరుకోరు. ఒకదానికి రెండవది ఎన్ని రెట్లు అన్నది చూస్తారు. రాతినుంచి ఏది కొట్టుకుపోయినా ఆ నిష్పత్తి చెడదు.

(అమ్మగారికి చెప్పి దినుసులు తీసుకోండి. ప్రయోగం అయినాక ఆ కందులూ పెసలూ పారవేయకండి. కడిగి వంటకు వాడవచ్చు.)

రాతిని తూచేది ఎలాగ?

కొండ మీద రాయి తెచ్చి తక్కెడలో వేస్తే టైటానియం బరువు తెలియదు గదా! దానికి పద్ధతి ఉన్నది.

ముందుగా ఎండకూ వానకూ పాడైన పైపొరను కొట్టివేసి, లోపలి తాజా ముక్కను తీసుకొంటారు. దానిని విభూతిలాగా మెత్తగా పొడిచేస్తారు. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. పొడిచేసే రోలు క్రోమియం కలిపిన ఉక్కుదైతే, రోటిలోని క్రోమియం పొడిలో చేరుతుంది. అప్పుడు రాతి సాక్ష్యానికి బదులు రోటి సాక్ష్యం వింటాం! అందుకని చాలాచోట్ల అగేట్ అనే గట్టిరాతి కల్వాలు వాడతారు.

తరవాత ఆ పొడిని బిళ్ళగా నొక్కి, దానిమీద ఎక్స్‌కిరణాలు పడనిస్తారు. అప్పుడు రాతిలోని ఒక్కొక్క మూలకం తనకే ప్రత్యేకమైన ఎక్స్‌కిరణాన్ని తిరిగి వెలువరిస్తుంది. ఏ కిరణం ఎంత బలంగా వచ్చిందో కొలిస్తే ఏ మూలకం ఎంత ఉన్నదో తెలుస్తుంది. మరింత సూక్ష్మంగా కొలవాలంటే రాతిపొడిని ఆమ్లాలలో కరిగించి, 6000 డిగ్రీలకు పైన వేడెక్కిన ఆర్గాన్ వాయువు జ్వాలలోకి పంపి, పరమాణువులను బరువునుబట్టి వేరుచేసే యంత్రాలు ఉన్నాయి. పదిలక్షల పాళ్ళలో ఒక పాలు ఉన్న మూలకాన్ని కూడా ఇవి పట్టి చూపుతాయి.

ఒక్క సాక్షి చాలడు

అంకెలు వచ్చాయి. ఇక తీర్పు చెప్పవచ్చునా? ఇంకా వీలులేదు. బంకమట్టీ డోలమైట్ సరైన పాళ్ళలో కలిస్తే, ఒక్కొక్కప్పుడు ఆ మిశ్రమం ముఖ్యమైన దినుసులలో బసాల్ట్‌ను పోలి ఉంటుంది. ఒక్క రాతిముక్క అంకెలు చూసి తీర్పు చెప్పినవాడు పొరబడవచ్చు.

1964లో బెర్నార్డ్ లీక్ అనే బ్రిటన్ శాస్త్రజ్ఞుడు దీనికి మంచి ఉపాయం చెప్పాడు. ఒక్క రాయి కాదు, ఒకే పట్టీలోంచి అనేక రాళ్ళు తీసుకోండి. ఒక మూలకం తగ్గుతూ ఉంటే రెండవది తగ్గుతున్నదో, పెరుగుతున్నదో చూడండి. లావా వెళ్ళే దారి ఒకటి, బురద వెళ్ళే దారి మరొకటి. ఇదీ ఆయన వాదం.

ముందు లావా దారి చూద్దాం. వేడినెయ్యి చల్లారేటప్పుడు ఏం జరుగుతుంది? పూస కట్టే భాగం ముందుగా గడ్డకట్టి అడుగుకు చేరుతుంది, పలుచని భాగం పైన ఉండిపోతుంది. భూమిలో శిలాద్రవం చల్లారేటప్పుడు కూడా ఇటువంటిదే జరుగుతుంది. ముందుగా ఆలివిన్ అనే బరువైన ఆకుపచ్చని స్ఫటికాలు ఏర్పడి అడుగుకు దిగుతాయి. అవి మెగ్నీషియాన్నీ, నికెల్‌నూ తమతో తీసుకుపోతాయి. తొలిదశలోనే ఏర్పడే మరికొన్ని స్ఫటికాలు క్రోమియాన్ని పట్టుకుపోతాయి. టైటానియం, జిర్కోనియం మాత్రం ఆ స్ఫటికాలలో ఇమడక ద్రవంలోనే మిగిలి చిక్కపడతాయి. కనుక ముందు పొంగిన లావాలో మెగ్నీషియం, నికెల్, క్రోమియం ఎక్కువ. తరవాత పొంగిన లావాలో మూడూ తక్కువ. మూడూ కలిసి దిగుతాయి. అవి దిగుతుంటే టైటానియం, జిర్కోనియం పైకి వస్తాయి.

ఇక బురద దారి. బురదలో మెగ్నీషియం ఎక్కువగా వచ్చేది డోలమైట్‌లోంచి. నికెల్, క్రోమియం వచ్చేది మట్టిలోంచి. డోలమైట్‌లో అవి దాదాపు ఉండవు. డోలమైట్ ఎక్కువగా కలిసినచోట మెగ్నీషియం పెరుగుతుంది, మట్టి తగ్గుతుంది గనుక నికెల్, క్రోమియం తగ్గుతాయి. పాలలో నీళ్ళు పెరిగినకొద్దీ వెన్న తగ్గినట్టన్నమాట.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టండి. లావాలో మెగ్నీషియంతోపాటు క్రోమియం, నికెల్ తగ్గుతాయి. బురదలో మెగ్నీషియం తగ్గితే క్రోమియం, నికెల్ పెరుగుతాయి. రెండు దారులూ ఎదురెదురు! చీర ఒకటే అయినా నడకలో తేడా దొరికింది.

ఇంకొక గుర్తు కూడా ఉన్నది. మామూలు బంకమట్టి రాళ్ళలో క్రోమియం పదిలక్షల పాళ్ళలో సుమారు 100 పాళ్ళు ఉంటుంది. భూమి లోతునుంచి నేరుగా పొంగిన లావాలో అంతకు చాలా ఎక్కువ ఉండవచ్చు.

కోలారు రాయి ఏమన్నది?

కోలారు యాంఫిబొలైట్లను ఇటువంటి పద్ధతులతో పరీక్షించినవారిలో వి. రాజమణి, ఆయన సహచరులు ముఖ్యులు. వారు తమ పరిశోధనను 1985లో ప్రచురించారు. ఆ నల్లరాళ్ళు లావా నుంచి పుట్టినవేనని వాటి రసాయనం చెప్పింది. అంతేకాదు, అవి అన్నీ ఒకే రకం లావా కావు. కొన్ని మామూలు బసాల్ట్‌లు. మరికొన్ని కొమటైట్ జాతికి చెందినవి.

కొమటైట్ అనే పేరు దక్షిణాఫ్రికాలోని కొమాటి నది నుంచి వచ్చింది. ఆ నది దగ్గరి రాళ్ళను 1969లో విల్యోన్ సోదరులు వర్ణించారు. ఇందులో మెగ్నీషియం ఆక్సైడ్ నూటికి 18 పాళ్ళకు పైగా ఉంటుంది. మామూలు బసాల్ట్‌లో సాధారణంగా 5 నుంచి 10 పాళ్ళ వరకే ఉంటుంది. అంతటి మెగ్నీషియం ఉన్న రాయి కరిగి ద్రవంగా పొంగాలంటే మహా వేడి కావాలి. నేటి బసాల్ట్ లావా సుమారు 1200 డిగ్రీల వేడితో పారుతుంది. కొమటైట్ లావాలకు 1600 డిగ్రీల వరకూ వేడి ఉండేదని అంచనా.

కోలారు రాళ్ళ వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. ఆ కాలంలో భూమి లోపలి భాగం ఇప్పటికంటె వేడిగా ఉండేదని శాస్త్రజ్ఞులు చెప్పటానికి ఇటువంటి రాళ్ళు ఒక ముఖ్యమైన ఆధారం. చూశారా! రూపమంతా మారిపోయిన రాతిలోని మెగ్నీషియం, క్రోమియం అంకెలు, ఎవరూ చూడని ఆ కాలపు పొయ్యి వేడిని మనకు చెబుతున్నాయి.

గద్వాల రాయి, జపాను దీవులు

రాయి లావానుంచి పుట్టిందని తేలింది. మరి ఏ అగ్నిపర్వతం నుంచి? సముద్రపు అడుగున భూపటలం చీలినచోటనా? ఒక పలక మరొక పలక కిందికి దిగేచోట వరసగా లేచే దీవులలోనా? ఇది తరవాతి ప్రశ్న. ఇక్కడ పలక అంటే బడిపలక కాదు. భూమి పైపెంకులోని పెద్ద పెద్ద ఖండాలకు భూపలకలని పేరు.

పేరు రాయని పరీక్ష కాగితం ఒకటి దొరికితే ఉపాధ్యాయుడు ఏం చేస్తాడు? తెలిసిన పిల్లల దస్తూరీతో పోల్చి చూస్తాడు. 1973లో పియర్స్, కాన్ అనే శాస్త్రజ్ఞులు చేసింది ఇంచుమించు ఇదే. నేటి అగ్నిపర్వతాలలో ఏది ఎక్కడ ఉన్నదో మనకు తెలుసు గదా! ఆ లావాలలోని టైటానియం, జిర్కోనియం, ఇట్రియం పాళ్ళను పటం మీద గుర్తించి, ఏ చోటి లావా పటంలో ఎక్కడ పడుతుందో హద్దులు గీశారు. పాతరాయి అంకెలను అదే పటం మీద పెడితే ఏ హద్దులో పడితే ఆ చోటి లావాను పోలిందన్నమాట.

ఇటువంటి పోలికవల్ల తెలంగాణలోని గద్వాల ప్రాంతంలో ఒక వింత బయటపడింది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ సీమలో కూడా కోలారులాగానే పాత నల్లరాళ్ళ పట్టీ ఒకటి ఉన్నది. దాని వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు పైమాటే. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన సి. మాణిక్యాంబ, ఆమె సహచరులు ఆ రాళ్ళను పరీక్షించి, వాటిలో కొన్ని బోనినైట్ జాతికి చెందినవని 2005లో ప్రకటించారు.

బోనినైట్‌కు ఆ పేరు జపానుకు చెందిన బోనిన్ దీవులనుంచి వచ్చింది. ఆ దీవులు టోక్యోకు దక్షిణంగా సుమారు 1000 కిలోమీటర్ల దూరాన పసిఫిక్ సముద్రంలో ఉన్నాయి. బోనినైట్‌లో మెగ్నీషియం ఎక్కువ, సిలికా కూడా ఎక్కువ, టైటానియం మాత్రం చాలా తక్కువ. టైటానియం ఆక్సైడ్ నూటికి అర పాలు కూడా ఉండదు. ఈ మూడూ ఒకచోట కలవటం అరుదు. సముద్రపు పలక ఒకటి మరొక పలక కిందికి దిగుతూ, తనతో తీసుకువెళ్ళిన నీటిని లోపల వదిలితే, అప్పటికే ఒకసారి కరిగి సారం పోయిన రాయి ఆ నీటివల్ల మళ్ళీ కరుగుతుంది. అప్పుడే ఇటువంటి లావా పుడుతుంది. సారం ముందే పోయింది గనుక టైటానియం తక్కువ. కాఫీపొడిలో రెండవసారి నీళ్ళు పోస్తే డికాక్షన్ పలుచబడినట్టే!

గద్వాల రాతిలో ఈ లక్షణాలు ఉన్నాయంటే, అంత పాతకాలంలో కూడా ఒక పలక మరొక పలక కిందికి దిగిందని అనుకోవచ్చు. ఐతే భూపలకలు ఇలా కదలటం భూమి మీద ఎప్పుడు మొదలయిందన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ వాదం జరుగుతూనే ఉన్నది. నేటి లావాలతో గీసిన హద్దులు అంత పాత రాళ్ళకు ఎంతవరకు వర్తిస్తాయి అని అడిగేవారు కూడా ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్నే.

రసాయనానికీ హద్దు ఉన్నది

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఒక బసాల్ట్ కొండ అరిగి, ఆ ఇసుక వెంటనే పక్క గుంటలో పేరుకొని, తరవాత రూపాంతరం చెందిందనుకోండి. ఆ ఇసుకలోని మూలకాలు బసాల్ట్ మూలకాలే. అంకెలు లావా అంటాయి, నిజానికి అది అవక్షేపం! అగ్నిపర్వతపు బూడిద సముద్రంలో మట్టితో కలిసినా ఇటువంటి చిక్కే వస్తుంది. అందుకే మంచి శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలోనే కూర్చోడు. అంకెలు పట్టుకొని మళ్ళీ కొండ మీదికి వెళతాడు. పొరలు ఎలా ఉన్నాయి, పక్కన ఏ రాళ్ళున్నాయి, ఎక్కడైనా అణగిపోయిన తలగడ కనిపిస్తుందా అని వెతుకుతాడు. కొండ చెప్పిందీ, అంకె చెప్పిందీ ఒకటైనప్పుడే తీర్పు రాస్తాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. సెలవులలో పిల్లలను కొండల వైపు తీసుకువెళ్ళినప్పుడు, కింద రాలిన ముక్కలనే ఏరుకోనివ్వండి. స్మారకంగా కాపాడుతున్న చోట ఒక్క చిన్న ముక్కను కూడా కొట్టనివ్వకండి. మూసివేసిన గనుల గుంతల దగ్గరికి పోనివ్వకండి. తెచ్చిన ప్రతి రాతికీ ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అన్నది కాగితం మీద రాసి అంటించండి. ఊరు పేరు లేని రాయి సాక్ష్యానికి పనికిరాదు.

మీరే తీర్పు చెప్పండి

ఇది మీకోసం ఊహించి వేసిన లెక్క. రెండు కొండలున్నాయి. రెండింటి మీదా యాంఫిబొలైటే ఉన్నది. ఒక్కొక్క కొండనుంచి మూడేసి రాళ్ళు తెచ్చి పరీక్షించారు. మెగ్నీషియం ఆక్సైడ్ నూటికి ఇన్ని పాళ్ళనీ, క్రోమియం పదిలక్షలకు ఇన్ని పాళ్ళనీ చదువుకోండి.

మొదటి కొండ: మెగ్నీషియం 12, క్రోమియం 30. మెగ్నీషియం 9, క్రోమియం 60. మెగ్నీషియం 6, క్రోమియం 90.

రెండవ కొండ: మెగ్నీషియం 12, క్రోమియం 600. మెగ్నీషియం 9, క్రోమియం 300. మెగ్నీషియం 6, క్రోమియం 80.

చివరి రాళ్ళను రెండింటినీ చూడండి. ఒకదానిలో 6, 90. మరొకదానిలో 6, 80. ఈ రెండు రాళ్ళు మాత్రమే దొరికి ఉంటే ఏమీ చెప్పలేకపోయేవాళ్ళం. మిగిలినవాటితో కలిపి చూస్తే ఏ కొండ నిప్పులో పుట్టింది, ఏ కొండ బురదలో పుట్టింది? కాగితం మీద అడ్డంగా మెగ్నీషియం, నిలువుగా క్రోమియం పెట్టి చుక్కలు గుర్తించి గీత గీయండి. గీత గీసిన తరవాతే కింది జవాబు చదవండి.

జవాబు: మొదటి కొండలో మెగ్నీషియం తగ్గినకొద్దీ క్రోమియం పెరిగింది. అది బురద దారి. రెండవ కొండలో రెండూ కలిసి తగ్గాయి. అది లావా దారి.